డిస్క్ పోయిందనే ముందు

ఖరగ్‌పూర్ ఐఐటీ మొదటి స్నాతకోత్సవం 1956 ఏప్రిల్‌లో హిజ్లీలో జరిగింది. నెహ్రూ వచ్చి మాట్లాడారు. ఆ సంస్థ పుట్టింది కొత్త భవనంలో కాదు, 1930లో బ్రిటిష్ ప్రభుత్వం రాజకీయ ఖైదీల కోసం తెరిచిన హిజ్లీ నిర్బంధ శిబిరంలో. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రను, తారకేశ్వర్ సేన్‌గుప్తాను చంపింది అక్కడే. స్నాతకోత్సవం జరిగిన ఏడాదే సెప్టెంబరులో అమెరికాలో ఐబీఎం కంపెనీ రామాక్ అనే కంప్యూటర్‌ని ప్రకటించింది. ప్రపంచంలో అమ్మకానికి వచ్చిన మొదటి హార్డ్ డిస్క్ దానిదే. 24 అంగుళాల పళ్ళేలు 50, నిమిషానికి 1200 చుట్లు తిరుగుతూ, అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలను దాచేవి.

ఇవాళ హిజ్లీ హాస్టల్ గదిలో ఫస్టియర్ విద్యార్థి డెస్క్‌టాప్‌లో ఉండే ఒక టెరాబైట్ డిస్క్ అరచేతిలో పడుతుంది. లోపలి సూత్రం మాత్రం అదే. తిరిగే పళ్ళెం, దాని మీద అయస్కాంత పూత, పూతను తాకకుండా గాలి మీద తేలే చిన్న హెడ్. ఈ డెబ్భై ఏళ్ళలో బాగా మారినవాటిలో ఒకటి ఆ హెడ్‌కీ పళ్ళేనికీ మధ్య సందు. రామాక్‌లో అది సుమారు 20 మైక్రాన్లు. ఇప్పుడు కొన్ని నానోమీటర్లు, అంటే వేల వంతుల్లో తగ్గింది. అంత సన్నని సందులో జరిగే పని ఎప్పుడో ఒకసారి తప్పడం వింత కాదు. తప్పినప్పుడు ఆ కబురు మన దాకా ఎలా వస్తుంది, దారిలో ఎన్ని చేతులు మారుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే ఈ అధ్యాయం.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు నిన్నమొన్న వచ్చినవాళ్ళు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ పనుల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెకు ముందు నిలిచింది మన వి.వి. గిరి. మథురాకాటి క్వార్టర్ల వైపు వెళ్తే ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. అలాంటి ఒక ఇంట్లో కాలేజీ కుర్రాడు, అక్క వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లో విండోస్‌ని అలాగే ఉంచి, ఖాళీ జాగాలో లినక్స్ ఎక్కించాడనుకోండి. రెండో రోజే ఫైలు సేవ్ కానంది. మూడో రోజుకి అసలు ఏదీ రాయనివ్వడం మానేసింది. విశాఖలో ఉన్న మేనమామకి ఫోన్ చేశాడు.

"మావయ్యా, విండోస్ ఉన్నన్నాళ్ళూ బానే ఉండీది. ఇది ఎక్కించాకే డిస్క్ పాడైపోయింది. మళ్ళీ ఫార్మాట్ కొట్టి మొదట్నుంచీ ఎక్కించీనా?"

"ఏటీ ఎక్కించకు, ఏటీ తియ్యకు. దాని మీద ఇంకొక్క ముక్క రాయకు. ముందు మెషీన్ ఏటంటోందో నాకు చదివి వినిపించు."

కుర్రాడి అనుమానం సహజమైనదే. కొత్తగా వచ్చినదాని మీదికే నింద పోతుంది. కానీ ఆ పాత కంప్యూటర్‌లో విండోస్ ఇన్నేళ్ళూ తిరిగింది తన జాగాలోనే. లినక్స్ కోసం కుర్రాడు కేటాయించిన జాగాను బహుశా ఇన్నేళ్ళలో ఎవరూ ముట్టుకోలేదు. ఇన్‌స్టాలేషన్ అంటే కొన్ని గిగాబైట్లను, లక్షల చిన్న ఫైళ్ళుగా, ఒక్క బిగిన డిస్క్ మీద కుమ్మరించడం. డిస్క్, కేబుల్, పవర్ సప్లై, మెమరీ అన్నీ ఒకేసారి పరీక్షకు కూర్చుంటాయి. మామూలు రోజుల్లో బయటపడని బలహీనత ఆ గంటలో బయటపడుతుంది. పైగా పాత సిస్టమ్ ఈ తప్పులను దాచి ఉండొచ్చు. విండోస్ ఒక రాతను మళ్ళీ ప్రయత్నించాల్సి వస్తే ఈవెంట్ వ్యూయర్‌లో 153 నంబరు వేసి ఊరుకుంటుంది. చెడ్డ బ్లాక్ దొరికితే 7, కంట్రోలర్ తప్పైతే 11. ఆ కిటికీ తెరిచి చూసే ఇల్లు ఎన్నో చెప్పండి. లినక్స్ మర్యాద వేరు. అది ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ముఖ్యమైన సమాచారం చెడినట్టు కనపడితే, చాలా ఇన్‌స్టాలేషన్లలో మొత్తం విభాగాన్ని చదవడానికి మాత్రమే అని తాళం వేస్తుంది. కుర్రాడికి మూడో రోజు ఎదురైంది ఆ తాళమే. అది రోగం కాదు, ఉన్న సమాచారం ఇంకా చెడకుండా చేసిన కాపు.

మేనమామ అడిగిన మొదటి ప్రశ్న: "స్క్రీన్ మీద ఏ మాటలున్నాయో ఉన్నవున్నట్టు చదువు." ఇక్కడ ఓపిక కావాలి, ఎందుకంటే రాయలేకపోవడం అనే ఒక్క ఫలితానికి వేరువేరు కారణాలుంటాయి, వాటికి వేరువేరు వాక్యాలుంటాయి. 'పర్మిషన్ డినైడ్' అంటే డిస్క్‌కి ఏమీ కాలేదు, ఆ ఫోల్డర్ మనది కాదు. 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంటే జాగా నిండింది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం జాగాను అడ్మినిస్ట్రేటర్ కోసం పక్కన పెడుతుంది, టెరాబైట్ డిస్క్‌లో అది 50 గిగాబైట్లు. చిన్న ఫైళ్ళు విపరీతంగా ఉంటే జాగా మిగిలి ఉన్నా ఫైళ్ళ పట్టిక నిండిపోయి ఇదే మాట వస్తుంది. 'రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటే తాళం పడింది, ఎందుకు పడిందో వేరే చోట వెతకాలి. 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' అన్నప్పుడు మాత్రమే కింది అంతస్తుల్లో, అంటే డిస్క్‌లోనో దానికి పోయే దారిలోనో, ఏదో నిజంగా తప్పింది.

విండోస్ పక్కన లినక్స్ పెట్టుకున్నవాళ్ళకి ఎదురయ్యే ఒక తప్పుడు భయాన్ని ఇక్కడే తీర్చేయాలి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆరిపోదు. సగం నిద్రలోకి పోతూ తన డ్రైవ్‌ని తెరిచిన స్థితిలోనే వదిలేస్తుంది. లినక్స్ ఆ డ్రైవ్‌ని చూసి, యజమాని ఇంకా లోపల ఉన్నాడని గ్రహించి, చదవడానికి మాత్రమే తెరుస్తుంది. ఇందులో చెడింది ఏమీ లేదు. విండోస్‌లోకి పోయి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి, పూర్తిగా ఆపి వస్తే సరిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక మంచి డిస్కులను మార్చేసుకుంటే డబ్బు దండగ.

మన కుర్రాడిది ఆ కేసు కాదు. లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్ రాసుకునే చిట్టాను డీమెసేజ్ అనే ఆదేశంతో తెరిస్తే, 'ఫెయిల్డ్ కమాండ్' అని ఒక వరస, కింద మీసాల బ్రాకెట్లలో కొన్ని పొడి అక్షరాలు కనిపించాయి. అన్నిటికన్నా విలువైన సాక్ష్యం ఆ పొడి అక్షరాలే. అక్కడ యూఎన్‌సీ అని ఉంటే, పళ్ళెం మీది సమాచారాన్ని సరిదిద్దలేకపోయానని డిస్క్ స్వయంగా ఒప్పుకుంటోంది. ఐడీఎన్‌ఎఫ్ అంటే అడిగిన చిరునామాయే దొరకలేదంటోంది. ఐసీఆర్‌సీ అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో సమాచారం చెదిరిందంటోంది.

"ఏ అక్షరాలున్నాయిరా?"

"ఐ, సీ, ఆర్, సీ. తర్వాత ఏబీఆర్‌టీ."

"అయితే ముందు కేబుల్ మార్చు."

సాటా కేబుల్ గుండా పోయే ప్రతి మూటకీ చివర ఒక లెక్క జోడిస్తారు. అందుకున్న వైపు అదే లెక్క మళ్ళీ వేసి చూస్తారు. పొసగకపోతే మూటను తిరగ్గొడతారు. ఇలా తిరగ్గొట్టిన ప్రతిసారీ డిస్క్ తన సొంత ఆరోగ్య పట్టికలో, స్మార్ట్ అంటారు దాన్ని, 199వ నంబరు ఖాతాలో ఒకటి కలుపుతుంది. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు. కాబట్టి అది ఎంత ఉందన్నది కాదు, పెరుగుతోందా ఆగిందా అన్నది చూడాలి. కుర్రాడు ఆ పట్టికను స్మార్ట్‌సీటీఎల్ అనే ఆదేశంతో చూస్తే 214 అని ఉందనుకోండి. కొత్త కేబుల్ పెట్టి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టులో గుచ్చి, కొన్ని గిగాబైట్లు అటూఇటూ నకలు తీశాక కూడా 214 దగ్గరే ఉంటే దొంగ దొరికినట్టే. ఖరగ్‌పూర్ ఎండకి, వానాకాలపు తేమకి ఏళ్ళ తరబడి ఉన్న కనెక్టర్ల పట్టు సడలినా, పిన్నుల మీద మకిలి పట్టినా ఆశ్చర్యం లేదు. కేబుల్ మారినా అంకె పెరుగుతుంటే పవర్ సప్లై వైపు చూడాలి. ముసలిదైపోయిన పవర్ సప్లై, డిస్క్ పనిభారం పెరిగిన క్షణంలో వోల్టేజి నిలబెట్టలేకపోతే, డిస్క్ ఒక్క త్రుటి తడబడి మళ్ళీ లేస్తుంది, చిట్టాలో అది డిస్క్ మాయమై తిరిగి వచ్చినట్టు కనిపిస్తుంది.

కుర్రాడి కథ కేబుల్‌తో సుఖాంతమైందనుకుందాం. కానీ ఆ అక్షరాలు యూఎన్‌సీ అయి ఉంటే?

అప్పుడు పళ్ళెం మీదికి దిగాలి. చదవడం కన్నా రాయడం ప్రమాదకరమైన పని. హెడ్ కొంచెం పక్కకి జరిగి చదివితే నష్టం లేదు, ఇంకో చుట్టు తిరిగాక మళ్ళీ చదువుకోవచ్చు. పక్కకి జరిగి రాస్తే పొరుగు ట్రాక్‌లో, అంటే పళ్ళెం మీది పక్క వలయంలో, ఉన్న వేరే ఫైలు చెరిగిపోతుంది. అందుకే ప్రతి ట్రాక్‌లోనూ ఫ్యాక్టరీలోనే కొన్ని గుర్తులు వేసి ఉంచుతారు. తిరుగుతున్న పళ్ళెం మీద ఆ గుర్తులు హెడ్ కిందికి వచ్చినప్పుడల్లా, సరిగ్గా నడిమధ్య ఉన్నానా అని డిస్క్ కొలుచుకుంటుంది. చదివేటప్పుడు ఒప్పుకునే పక్కచూపును రాసేటప్పుడు ఒప్పుకోదు. తేడా వస్తే వెంటనే రాయడం ఆపి ఒక చుట్టు ఆగుతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కి ఒక చుట్టంటే 8 మిల్లీసెకన్ల పైచిలుకు. ఇలా పదేపదే జరిగితే రాత నత్తనడకవుతుంది, చివరికి తప్పుతుంది.

కంపనానికి డిస్కులు ఎంత సున్నితమో 2008 చివర్లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు ఒక వీడియోలో చూపించాడు. డేటా సెంటర్‌లో డిస్కుల బీరువా ముందు నిలబడి గట్టిగా అరిచాడు, ఆ క్షణంలో డిస్కుల స్పందన ఆలస్యమవడం గ్రాఫ్ మీద కనిపించింది. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ ఇంకో ఉదంతం బయటపెట్టాడు: ఒకప్పుడు జానెట్ జాక్సన్ పాట 'రిథమ్ నేషన్' మోగితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేవి. పాటలోని ఒక ధ్వని, నిమిషానికి 5400 చుట్లు తిరిగే ఆ డిస్కుల సహజ కంపనంతో కలిసిపోయేది. టేబుల్ మీద సీపీయూకి ఆనించి వూఫర్ పెట్టుకునేవాళ్ళు దీన్ని వట్టి వింతగా కొట్టిపారేయకూడదు.

ట్రాక్‌లో ఒక చిన్న ముక్క, అంటే సెక్టర్, నిజంగానే చెడిపోతే డిస్క్ దగ్గర ఇంకో ఉపాయం ఉంది. ఫ్యాక్టరీలోనే కొన్ని సెక్టర్లను లెక్కలోకి రాకుండా అదనంగా ఉంచుతారు. చెడ్డ సెక్టర్ చిరునామాను డిస్క్ వాటికి మళ్ళిస్తుంది, రైలుని వేరే దారికి మళ్ళించినట్టు. ఉత్తరాది నుంచి టాటానగర్ మీదుగా పూరీ పోయే పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ ఖరగ్‌పూర్ స్టేషన్‌లోకి రాకుండా హిజ్లీ మీదుగా దాటిపోతుంది. బండి నంబరు అదే, ఎక్కినవాళ్ళకి చేరే ఊరు అదే, తొక్కే పట్టాలు మాత్రం వేరు. సెక్టర్ మళ్ళింపు కూడా అంతే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియనే తెలియదు. స్మార్ట్ పట్టికలో 5వ ఖాతా ఇలా మళ్ళించిన సెక్టర్ల లెక్క. 197వ ఖాతా, చదవబోతే మొరాయించి, ఏం చేయాలో తేలక వేచి ఉన్నవాటి లెక్క.

డిస్క్ ఈ మళ్ళింపు చేసేది ముఖ్యంగా రాసే సమయంలోనే. చదవలేని సెక్టర్‌లో పాత సమాచారం ఉంది కనుక దాన్ని తనంతట తాను పారేయదు. కొత్త సమాచారం రాయమని ఎవరైనా చెప్పినప్పుడు, పాతదానితో పని తీరింది కనుక నిస్సంకోచంగా వేరే చోటికి మళ్ళిస్తుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌లో చెడ్డ సెక్టర్ చదివేటప్పుడే బయటపడాలి. రాసేటప్పుడు గుట్టుచప్పుడు కాకుండా సర్దుకుపోవాలి. అందుకే కేబుల్, కరెంటు రెండూ బాగుండి కూడా పళ్ళెం వైపు నుంచి రైట్ ఎర్రర్ వచ్చిందంటే నేను రీడ్ ఎర్రర్ కన్నా ఎక్కువ భయపడతాను. అదనపు సెక్టర్లు అయిపోయి ఉండాలి, లేదా హెడ్ తన దారి తాను కనుక్కోలేకపోతుండాలి. రెండూ మందు లేని జబ్బులే.

మధ్యలో ఒక సమయం తగాదా కూడా ఉంది. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఒక మొండి సెక్టర్‌తో నిమిషం దాటినా పోరాడుతూ ఉండగలదు. లినక్స్ ఒక ఆదేశానికి 30 సెకన్లు ఎదురుచూసి, జవాబు లేకపోతే దారినే రీసెట్ చేస్తుంది. పనిలో ఉన్న డిస్క్ చచ్చినట్టు కనిపించేది ఇక్కడే. ట్రాకులను ఒకదాని మీదొకటి కొంత ఎక్కించి రాసే ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్నిటిలో ఈ పద్ధతి వాడిన సంగతి 2020లో బయటపడింది. అంతకుముందే కొందరి సర్వర్లలో ఆ డిస్కులు భారీ రాతల మధ్య జవాబివ్వక, చెడిపోయినవాటిగా లెక్కకెక్కాయి.

స్మార్ట్ పట్టిక పైన 'పాస్డ్' అని ఉంటే డిస్క్ బాగున్నట్టేనా? గూగుల్ సంస్థ తన దగ్గరి లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి జవాబు. ఒక్క స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు ఎక్కువ. కాబట్టి హెచ్చరిక వస్తే నమ్మాలి. కానీ చెడిపోయిన డిస్కుల్లో 56 శాతం, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా ఇవ్వకుండానే పోయాయి. కాబట్టి హెచ్చరిక రాలేదని నమ్మకూడదు. 'పాస్డ్' అన్న మాటని చూసి నకలు తీయడం మానుకున్నవాళ్ళు నష్టపోతారు.

ఇప్పటిదాకా డిస్క్ తప్పులు. డిస్క్ తన తప్పు నిజాయితీగా చెప్పినా, ఆ కబురు మనకి చేరకపోవడం అనేది ఇంకో కథ. మనం సేవ్ నొక్కగానే ప్రోగ్రామ్ ఆ అక్షరాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పగిస్తుంది. సిస్టమ్ వాటిని మెమరీలో పెట్టుకుని సరేనంటుంది. లినక్స్‌లో మామూలుగా ఓ 30 సెకన్ల తర్వాత అవి డిస్క్‌కి బయలుదేరతాయి. డిస్క్ కూడా వాటిని తన చిన్న మెమరీలో ఉంచుకుని, అయిపోయిందంటుంది. పళ్ళెం మీద పడేది ఆ తర్వాత. ఈలోగా ఏప్రిల్, మే నెలల్లో బెంగాల్‌ని ఊపే కాలబైశాఖి గాలివాన వచ్చి కరెంటు పోతే, రెండు చోట్ల నుంచి సరే అన్న మాట విన్న ఫైలు ఎక్కడా ఉండదు. మార్పులను ముందే జర్నల్‌లో రాసుకునే ఫైల్ సిస్టమ్ తన పట్టికలను పొసిగేలా కాపాడుకుంటుంది, మన ఆఖరి పేరాను కాదు. ఆ ఊళ్ళో ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టేవాళ్ళు ముందు యూపీఎస్ చూసుకోవడం మంచిది.

కరెంటు పోకుండా రాతే తప్పితే? సేవ్ నొక్కిన ప్రోగ్రామ్ అప్పటికే మూతపడి ఉండొచ్చు. తప్పు జరిగిందని ఎవరికి చెప్పాలి? 2005లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కావాలని తప్పులు పుట్టించి ఫైల్ సిస్టమ్‌లను పరీక్షించారు. అప్పట్లో లినక్స్‌లో విరివిగా వాడుకలో ఉన్న ఈఎక్స్‌టీ3 చాలా సందర్భాల్లో రైట్ ఎర్రర్‌ను పట్టించుకోకుండా ముందుకు పోయింది. ఇంతకన్నా కలవరపెట్టింది 2018లో జరిగింది. ప్రపంచమంతా బ్యాంకుల నుంచి బడుల దాకా వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందానికి, తాము ఇరవై ఏళ్ళుగా ఎఫ్‌సింక్ అనే ఆదేశాన్ని తప్పుగా నమ్మామని తెలిసింది. రాసిందంతా పళ్ళేనికి చేర్చి వచ్చి చెప్పమనే ఆదేశం అది. లినక్స్‌లో అది ఒకసారి విఫలమైతే, సిస్టమ్ ఆ తప్పును ఒకసారి చెప్పి, రాయలేకపోయిన మెమరీ పేజీలను శుభ్రమైనవిగా గుర్తు పెట్టేసేది. డేటాబేస్ మళ్ళీ అడిగితే అంతా బాగుందనే జవాబు వచ్చేది. సమాచారం మాత్రం పళ్ళెం మీద లేదు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన మార్పుతో పోస్ట్‌గ్రెస్ పద్ధతి మార్చుకుంది: ఎఫ్‌సింక్ ఒక్కసారి తప్పితే రెండోసారి అడగదు, తనంతట తాను ఆగిపోయి, తన సొంత చిట్టా నుంచి మొదలుపెట్టి అన్నీ తిరిగి రాసుకుంటుంది. డేటాబేస్ ఆగిపోవడమే సమాచారం పట్ల బాధ్యత అని ఆ ఇంజనీర్లు తేల్చుకున్నారు. మన కుర్రాడి విభాగానికి ఈఎక్స్‌టీ4 వేసిన తాళంలో ఉన్న న్యాయం కూడా ఇదే.

యూఎన్‌సీ కనిపించిన ఇంట్లో చేయాల్సిన పనికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పితే నష్టం మన చేతులమీదుగానే జరుగుతుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకూడదు. చెక్‌డిస్క్, ఎఫ్‌ఎస్‌సీకే వంటి మరమ్మతు ప్రోగ్రామ్‌లు అప్పుడే నడపకూడదు, ఎందుకంటే అవి మరమ్మతు పేరుతో జబ్బు డిస్క్ మీదే రాస్తాయి. పెన్ డ్రైవ్ నుంచి వేరే సిస్టమ్ నడిపించి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌కి నకలు తీయాలి. అది ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుని, మొండి సెక్టర్ల దగ్గరికి ఆఖర్న వస్తుంది, మధ్యలో ఆగినా తన పటం చూసుకుని అక్కడి నుంచే మొదలుపెడుతుంది. మరమ్మతులన్నీ ఆ నకలు మీద. అక్క పెళ్ళి ఫొటోలు చేతికొచ్చాకే అసలు డిస్క్ మీద స్మార్ట్ లాంగ్ టెస్ట్, ఆ తర్వాతే అన్నీ చెరిపి రాసి చూసే బ్యాడ్‌బ్లాక్స్ పరీక్ష.

ఇన్‌స్టాలేషన్ మధ్యలోనే ఆగిపోతే డిస్క్‌తో పాటు పెన్ డ్రైవ్‌నీ, మెమరీనీ అనుమానించాలి. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ ఇలాంటప్పుడు చూపించే సలహాల్లో, సీడీ తుడవమని, డిస్క్ పాతదేమో చూడమని, కంప్యూటర్‌ని చల్లని చోటికి మార్చమని ఉండేది. మే నెల ఖరగ్‌పూర్‌లో ఆ మూడో సలహా పాటించడం కష్టం, అయినా అది సరైనదే. ఇన్‌స్టాలర్ ఫైలు సరిగా దిగిందో లేదో చెక్‌సమ్‌తో చూసుకోవడం, మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడిపించడం ఖర్చు లేని పనులు. పేరులేని పెన్ డ్రైవ్‌ల మీద ఇంకో పరీక్ష అవసరం: 32 గిగాబైట్ల చిప్‌ని 512 అని చెప్పుకునే నకిలీలున్నాయి, నిజమైన జాగా దాటాక రాసినదంతా మాయమవుతుంది. ఎఫ్3 అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ మొత్తం నింపి, తిరిగి చదివి, నిజం చెబుతుంది.

చివరికి డిస్క్ మార్చక తప్పలేదనుకుందాం. పాతదాన్ని ఊళ్ళోని గోల్‌బజార్‌లో పాత సామాను కింద ఇచ్చేసే ముందు ఫార్మాట్ కొడితే చాలదు. మళ్ళించిన సెక్టర్లున్నాయే, వాటిలోని పాత సమాచారం అక్కడే ఉంటుంది. చిరునామా వేరే చోటికి పోయింది కనుక ఆపరేటింగ్ సిస్టమ్ ఎన్నిసార్లు సున్నాలు నింపినా వాటి మీద పడవు. డిస్క్ ఇంకా మాట వింటుంటే, దాని లోపల ఉంటే, ఎన్‌హాన్స్‌డ్ సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఇవ్వొచ్చు. మాట వినని డిస్క్ అయితే మూత విప్పి, పళ్ళేలు బయటికి తీసి పాడుచేయాలి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్ళేలు సాధారణంగా గాజువి, వంచితే పగిలి ముక్కలు ఎగురుతాయి. కళ్ళద్దాలు పెట్టుకుని, గోనెసంచిలో చుట్టి ఆ పని చేయాలి.